చెంబు తెచ్చినోళ్ళకే మేక

“మేకలు పదకొండు,” అని అమల మూడోసారి చెప్పింది.

రాహేలు పెన్ను మూసింది. మూడుసార్లూ ఒకటే మాట, ఒకటే తీరు. అబద్ధమాడేవాళ్ళు మూడోసారికి ఎక్కడో ఒకచోట ఉప్పూ కారం కలుపుతారు. ఈ పిల్ల కలపలేదు. పద్దెనిమిదేళ్ళు రైల్వే పార్సిల్ ఆఫీసులో పోయిన మూటలు వెతికిన మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఆ నౌకరీ దండగే. ఇప్పుడు నౌకరీ వదిలేసింది, అలవాటు వదల్లేదు. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోలేదు. లాలాగూడలో ఎవరినడిగినా “పోయిన సామాన్ల రాహేలక్కనా?” అని ఇల్లు చూపిస్తారు.

టైము పదిన్నర. యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ ముందు సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు ఇద్దరూ. మధ్యలో ఒక కాగితం. అదీ ఈ కేసు మొత్తం.

మొగిలికుంట చిట్టెమ్మ చెప్పి రాయించిన వీలునామా అది. చిట్టెమ్మ ఈ నెల రెండో తారీఖున చనిపోయింది. ముప్పై ఏళ్ళు మొగుడు లేకుండా మేకలు కాసి బతికిన మనిషి. రాసింది కూతురు బిడ్డ అమల. కింద చిట్టెమ్మ వేలిముద్ర, పక్కన ఇద్దరు సాక్షుల వేలిముద్రలు. ఆ ఇద్దరికీ చదువు రాదు. చనిపోయిన పదో రోజు దాకా కాగితం విప్పొద్దని ముసలామె మాట తీసుకుంది. మొన్న, పదకొండో తారీఖున విప్పారు. విప్పగానే చిట్టెమ్మ పెద్దకొడుకు ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు.

“మీ మామ ఏమన్నడో అక్షరం పొల్లుపోకుండ చెప్పు,” అంది రాహేలు.

“కాగితంల పదకొండు మేకలున్నయి, దొడ్లె నాలుగే ఉన్నయి అన్నడు. కాగితం నిజమైతె ఏడు మేకలు నువ్వు అమ్ముకున్నట్టు, మేకలు అమ్ముకోకుంటె కాగితం దొంగది రాసినట్టు, రెంట్ల ఒకటి ఒప్పుకో అన్నడు.”

“మంచిగనే కట్టిండు ముడి.”

“ఇయ్యాల నాలుగు గంటలకు తార్నాకల వాళ్ళింట్ల కూసుంటరక్కా. ఊరి నుంచి పెద్దమనిషిని గూడ పిలిపిచ్చిండ్రు. నేను జవాబు చెప్పకుంటె ఐదు గంటలకు పోలీస్ స్టేషన్‌ల కంప్లైంట్, మా గైడ్‌కు లెటర్.” అమల చున్నీ కొస వేలికి చుట్టుకుంది. “వచ్చే నెల నా థీసిస్ సబ్మిషన్.”

“దేని మీద థీసిస్?”

“గ్రామాలల్ల పశుసంపద మీద.”

రాహేలు నవ్వాపుకోలేదు. నవ్వింది. నవ్వుతూనే కాగితం చేతిలోకి తీసుకుని చదివింది. పెద్ద కొడుకు ఉప్పలయ్యకు మంచం, దొడ్డి, దొడ్లె నాలుగు మేకలు. పెద్ద కోడలు అండాలుకు రాగి చెంబు, చెంబుతోటి మేక. చిన్న కోడలు పోచమ్మకు ఇత్తడి సర్వ, సర్వతోటి మేక. ఆ తర్వాత చెల్లెలి బిడ్డలకు బోగాణి, తాంబాళం, గిన్నె, ఇట్లా ఐదు సామాన్లు. ప్రతిదానితో ఒక మేక. చివరికి మనవరాలు అమలకు బర్రె.

“చెంబుతోటి మేక అంటె ఏంది? ప్రతి సామానుకు మేకను కట్టిందేంది?”

“నేను గూడ అడిగిన. రాయమన్నది రాయవే, చదువుకున్నదానివి, అర్థంతోటి నీకేం పని అన్నది.”

అప్పుడే తెల్ల కారు వచ్చి వేపచెట్టు నీడలో ఆగింది. దిగిన మనిషికి అరవై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. శశిభూషణ్. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. తార్నాకలో ఏజెన్సీ పెట్టుకున్నాడు. ఉప్పలయ్య పెట్టుకున్న డిటెక్టివ్ ఈయనే.

“నమస్కారం రాహేలు గారూ. మూటల విభాగం వారు మేకల విభాగంలోకి ఎప్పుడు మారారు?”

“మీరు రిటైరైన రోజు సార్. జాగ ఖాళీ అయితే వచ్చిన.”

ఆయన నొచ్చుకోలేదు. ఫైలులోంచి ఒక ఫోటో తీసి బెంచీ మీద పెట్టాడు. “రెండో తారీఖు, సాయంత్రం ఐదూ నలభై. చిట్టెమ్మ గారి దొడ్డి. ఆవిడ పోయిన నాలుగు గంటలకి మా క్లయింటే తీశాడు. లెక్కపెట్టుకోండి. నాలుగు మేకలు, ఒక గేదె. ఐదో మేక నీడ కూడా లేదు.”

“మీ క్లయింట్ తల్లి శవం ఇంట్ల ఉండంగ దొడ్డి ఫోటో తీసిండా?”

శశిభూషణ్ ఫోటో తిరిగి ఫైల్లో పెట్టాడు. “అది ఆయన సంస్కారం. నా పని సాక్ష్యం.”

“సామాన్లు? చెంబు, సర్వ, బోగాణి? అవెక్కడున్నయ్?”

“ఊళ్ళో ఇంట్లో తాళం వేసి ఉన్నాయి. ఆయన వాటి జోలికే వెళ్ళలేదని నాకు రాసిచ్చాడు.” ఫైలు మూసి అమల వైపు తిరిగాడు. ఈసారి గొంతు మెత్తబడింది. “అమ్మా, నేను మీ మీద కక్షతో రాలేదు. మేకలు చూపించండి, నేనే ఆ పెద్దమనుషుల ముందు కాగితం నిజమని చెప్తాను. చూపించలేకపోతే ఐదింటికి నా సంతకంతో రిపోర్టు వెళ్తుంది.”

కారు వెళ్ళిపోయింది. టైము పది యాభై ఐదు.

“సార్ మంచోడే,” అంది రాహేలు. “తప్పు దొడ్డి ఫోటో పట్టుకొని తిరుగుతున్నడు. సరే, ఈ పోచమ్మ ఎవరు? ఎక్కడుంటది?”

అమల వేలితో హాస్టల్ వెనక్కి చూపించింది.

పోచమ్మ కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చిట్టెమ్మ చిన్నకొడుకు పెళ్ళాం. మొగుడు చచ్చిపోయాడు. రెండేళ్ళు ఏడ్చి మూడో ఏడు ఒక తోటమాలిని మనువాడింది. అంతే. ఉప్పలయ్య అన్నవాడు ఆమెను గడప తొక్కొద్దన్నాడు. తొమ్మిదేళ్ళైంది. మొగవాడు రెండో పెళ్ళి చేసుకుంటే చుట్టాలు విస్తరేసుకుని తింటారు. ఆడది చేసుకుంటే ఆమె విస్తరే లాక్కుంటారు. పోచమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. హాస్టల్ మెస్‌లో వంటకు కుదిరింది.

పదకొండున్నరకు మెస్ వెనక్కి వెళ్ళారు. గిన్నెలు తోమే గట్టు, నీళ్ళ డ్రమ్ము, దాని పక్కన గుంజ. గుంజకు నల్లమేక. దాని చుట్టూ రెండు పిల్లలు, కూరగాయల తొక్కలో తలలు దూర్చి. పోచమ్మ బియ్యం చెరుగుతోంది. కొంగు నడుముకు చుట్టుకుని ఉంది. చాట ఆడించడం ఆపకుండానే ఇద్దర్నీ కిందనుంచి పైకి చూసింది.

“మేక ఎవరిదమ్మా?” అంది రాహేలు.

“మేకదే.”

“పిల్లలు?”

“అవి మేకయి.”

రాహేలు మేక దగ్గర చతికిలబడింది. మెడ కింద గోకింది. మేక ఒప్పుకుంది. అప్పుడు చెవి మడతపెట్టి చూసింది. ఎడమ చెవి అంచుకు రెండు గాట్లు. కుడి చెవికి ఒకటి. పాత గాట్లు, మానిపోయి నున్నగా ఉన్నాయి. కుక్క కరిచిన గాట్లు కావు. ఎవరో లెక్కగా కోసినవి.

“ఈ మేక చిట్టెమ్మది,” అంది రాహేలు.

చాట ఆగింది.

“చెంబు తెచ్చినవా?” అంది పోచమ్మ.

“ఏం చెంబు?”

“అయితె నీకు మేక తోటి పని లేదు. చెంబు తెచ్చినోళ్ళకే మేక. పోలీసు వచ్చి అడిగినా గదే మాట. మా అత్త లేచి వచ్చి అడిగినా గదే మాట.”

రాహేలు లేవలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. పోయిన మూటల ఆఫీసులో కూడా ఇదే మాట చెప్పేది తను. చీటీ తెస్తే మూట. చీటీ లేకపోతే మంత్రి కొడుకైనా లైన్లో నిలబడాలి.

“ఆమె నీకు పాలుకు ఇచ్చిందా?”

పోచమ్మ మొదటిసారి ఆమెను మనిషిగా చూసింది. “నీకు పాలు తెలుసా?”

“మా అమ్మది గూడ పల్లెటూరే.”

పాలుకు ఇవ్వడమంటే ఇదీ. మేక నాది, సాకుడు నీది. ఈనిన పిల్లల్లో ఒకటి నీకు, ఒకటి నాకు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. చెవి గాటే సంతకం. మొగిలికుంట చుట్టుపక్కల ఇది తాతల నాటి పద్ధతి. చిట్టెమ్మ దానికి ఇంకో మెలిక పెట్టింది. మేకను ఇచ్చిన రోజే ఇంట్లో ఒక సామాను తీసి, ఆకురాయితో దాని అంచుకు అవే గాట్లు కొట్టేది. ఒక్కో మేకకు ఒక్కో తీరు. ఈ మేకకైతే అటు రెండు, ఇటు ఒకటి. ఆ సామాను పట్టుకుని ఎవరొస్తే వాళ్ళకు మేకను అప్పజెప్పాలి. వట్టి చేతులతో వస్తే, కడుపున పుట్టిన కొడుకైనా సరే, నోరు విప్పొద్దు.

“ఎంత మందికి ఇచ్చిందమ్మా?”

“నాకు నా మేక తెలుసు. పక్కోళ్ళ మేక తోటి నాకేం పని?”

అమల పోచమ్మ ముందుకొచ్చింది. “చిన్నత్తా, రోజు పొద్దున నీ చేతి ఉప్మానే తింట గదా. ఒక్క మాట చెప్పలేదేంది?”

“నువ్వు అడిగినవా?” పోచమ్మ చాట మళ్ళీ అందుకుంది. “పశువుల మీద పెద్ద పుస్తకం రాస్తున్నవని చెప్తరు. నాలుగేండ్ల సంది ఈ గుంజ పక్కపొంటి లైబ్రరీకి పోతున్నవ్. ఒక్కనాడన్న మేక చెవి చూసినవా?”

రాహేలు మళ్ళీ నవ్వింది. ఈసారి పోచమ్మ కూడా నవ్వింది. అమలకు నవ్వాలో ఏడవాలో తెలియక మేకపిల్లను ఎత్తుకుంది.

“చిట్టెమ్మ పోయిన రోజు ఊరికి పోయినవా?” అని రాహేలు అడిగింది.

“పోయిన. ఉప్పలయ్య బావ వాకిట్లకు రానియ్యలేదు. తోవ మీద నిలవడి చూసి, సాయంత్రం బస్సుకు మళ్ళొచ్చిన.” పోచమ్మ బియ్యంలో రాయి ఏరి అవతల పారేసింది. “నా మేక ఎవరికో మా అత్త చెప్పలేదు. ఎవరొచ్చినా మంచిగ చూసుకొమ్మని చెప్త. అంతే.”

రాహేలు కాగితం విప్పింది. ఇప్పుడది చక్కగా చదవడానికి వచ్చింది. ముసలామె మేకలు పంచలేదు. చీటీలు పంచింది. చీటీలు దొరికితే మేకలు దొరుకుతాయి. సాయంత్రం నాలుగు కొట్టేలోపల ఏడు సామాన్లు కావాలి.

“అమలా, మీ అమ్మమ్మ పక్కింటోళ్ళకు ఫోన్ చెయ్యి. ఇంట్ల సామాన్లు ఉన్నయా అని అడుగు.”

ఫోను రెండు నిమిషాల్లో అయిపోయింది. అమల మొహం మాడిపోయింది. “నాలుగో తారీఖునే మామ రెండు సంచులల్ల ఏసుకొని బస్సెక్కిండంట. ఇల్లు బోసిగ ఉన్నదంట.”

“తాళమేసి ఉన్నదని రాసిచ్చిండు. బాగున్నది.” రాహేలు కళ్ళు మూసుకుంది. “పదో రోజు మీ మామ ఇంట్ల తిన్నవు గదా. దేంట్ల పెట్టిండ్రు?”

“అన్నమా? పళ్ళెంల.”

“ఎట్లాంటి పళ్ళెం?”

అమల ఆలోచించింది. “స్టీలు. కొత్తవి. స్టిక్కర్ గూడ తియ్యలేదు. నా పప్పుల తేలింది స్టిక్కర్.”

రాహేలు లేచి చీర దులుపుకుంది. తల్లి బొంద మీద తడి ఆరకముందే కొత్త స్టీలు ఎక్కడినుంచి వస్తుంది? పట్నంలో ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ఒక జబ్బు ఉంటుంది. పాత ఇత్తడి కనబడితే సిగ్గు. అమ్మ చేతి మరకలున్న బోగాణి ఇచ్చి, మొహం కనబడే పళ్ళెం తెచ్చుకుంటాడు. ఉప్పలయ్య కూడా అదే చేశాడు. ఏడు మేకల చీటీలు తీసుకెళ్ళి డిన్నర్ సెట్టుకు మార్చుకున్నాడు.

తార్నాకలో పాత సామాన్లకు కొత్తవి ఇచ్చే దుకాణాలు ఉప్పలయ్య ఇంటి చుట్టుపక్కల సందుల్లో రెండున్నాయి. మొదటిదాంట్లో దొరకలేదు. రెండోదానికి స్కూటీ మీద చేరేసరికి ఒకటీ నలభై. దుకాణం ముఖేష్‌ది. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని గోనెసంచి మూతి కుడుతున్నాడు.

“సంచి కుట్టకు భయ్యా,” అంది రాహేలు.

“రెండింటికి కరిగించేటోళ్ళ ఆటో వస్తది అక్కా. పదిహేను రోజులకు ఒక్కసారి వస్తది. కుట్టకుంటే ఎట్ల?”

“ఐదో తారీఖు ఉప్పలయ్య అని ఒకాయన ఇత్తడి తెచ్చిండా?”

ముఖేష్ కాంటా పక్కనున్న చీటీల కట్ట తీశాడు. నమ్మకమైన వ్యాపారి, ప్రతి చీటీ మీదా టైము రాస్తాడు. ఐదో తారీఖు, పదకొండూ ఇరవై. ఉప్పలయ్య, తార్నాక. పాత సామాన్లు, ఏడు నగాలు. కింద సంతకం.

“ఈ చీటీ నాకు జర అరువియ్యి. ఇగ సంచి విప్పు.”

విప్పాడు. విసుక్కుంటూనే విప్పాడు. గంగాళాలు, పూజ సామాను, విరిగిన దీపం సెమ్మెలు నేల మీద పడ్డాయి. రాహేలు కళ్ళతో వెతకలేదు. ఒక్కొక్క సామాను అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. మూడో సామాను మీద వేలు ఆగింది. ఒక గాటు, బెత్తెడు ఎడం, మళ్ళీ ఒక గాటు. ఇత్తడి సర్వ. తర్వాత బోగాణి. తాంబాళం. గిన్నె. ఒకటీ యాభై ఆరుకు ఆరు దొరికాయి.

ఏడోది లేదు. రాగి చెంబు.

“చెంబా?” ముఖేష్ కళ్ళద్దాలు దించుకున్నాడు. “అది ఆరోజే పోయింది. ఆయన పోయిన అర్ధగంటకు ఒకామె వచ్చింది. ఇప్పుడు నువ్వు చూసినట్టే చూసింది, అంచు చుట్టూ వేలు తిప్పి. చెంబొక్కటే తీస్కున్నది. బేరం గూడ చెయ్యలేదు. చెవుల కమ్మలు తీసి పెట్టబోయింది. వద్దమ్మా, తీస్కపో అని ఊకెనే ఇచ్చిన. కమ్మలే తీసిస్తుంటె ఏం అడుగుత?”

“ఎవరామె?”

“తెల్వదు. ఈ వాడల మనిషే. చెప్పులు లేకుంట వచ్చింది.”

బయట ఆటో హారన్ వినిపించింది. ఆటోవాడు లోపలికొచ్చి సంచి మీద చెయ్యి వేశాడు. రాహేలు ఆరు సామాన్లనూ కొంగులో మూటగట్టి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అతడు ముఖేష్‌ను చూశాడు. ముఖేష్ రాహేలును చూశాడు. రాహేలు స్కూటీ తాళం తీసి కాంటా పళ్ళెంలో పడేసింది.

“సామాన్లు గాని, నేను గాని మళ్ళీ రాకుంటె బండి నీది.”

“నీ బండి నాకెందుకక్కా, హారన్ గూడ మోగదు దానికి,” అన్నాడు ముఖేష్. అన్నాడే గాని, తాళం గల్లాలో వేసుకున్నాడు.

నాలుగు గంటలకు ఉప్పలయ్య ఇంటి హాల్లో తివాచీ పరిచారు. చుట్టాలు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి దానయ్య, చిట్టెమ్మ వేలిముద్రకు సాక్షి, గొంగడి భుజాన వేసుకునే కుర్చీలో ఉన్నాడు. శశిభూషణ్ ఫైలు తెరిచి పెట్టుకున్నాడు. ఉప్పలయ్య సోఫాలో కాలు మీద కాలేసుకుని, అమలను మాత్రం నిలబెట్టాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆయన భార్య అండాలు, తలుపుకు సగం చాటుగా.

“చెప్పు బిడ్డా. ఏడు మేకలేవి?” అన్నాడు ఉప్పలయ్య.

“ఆమెను ఎందుకు అడుగుతవు?” రాహేలు గుమ్మంలోంచే అంది. “నువ్వు అమ్మినవి నిన్నే అడగాలె.”

మూట విప్పి ఆరు సామాన్లు తివాచీ మీద వరసగా పేర్చింది. ఉప్పలయ్య కాలు కిందికి దిగింది.

“ఇవెవరివో నాకు తెల్వదు.”

“శశిభూషణ్ సార్, ఈ చీటీ చదవండ్రి. మీకు సాక్ష్యమంటె ఇష్టం గదా.”

ఆయన అందుకున్నాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. చీటీ మీది సంతకాన్నీ, తన ఫైల్లో ఉప్పలయ్య రాసిచ్చిన కాగితం మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టాడు. “ఐదో తారీఖు, పదకొండూ ఇరవై,” అన్నాడు నెమ్మదిగా. “అప్పటికి వీలునామా విప్పనే లేదు. ఉప్పలయ్య గారూ, సామాన్లు ఊళ్ళో తాళం వేసి ఉన్నాయని నాకు రాసిచ్చారు మీరు.”

“పాత సామాన్లు సార్ అవి. సొట్టలు పడ్డవి. దానికీ మేకలకూ సంబంధమేంది?”

రాహేలు బోగాణి తీసి దానయ్య చేతిలో పెట్టింది. ముసలాయన కళ్ళు సరిగా కనబడవు. అంచు చుట్టూ వేలు తిప్పాడు. వేలు ఆగింది. ఆయన మీసాల కింద నవ్వు మెల్లగా పాకింది.

“దీని మేక నా దగ్గరనే ఉన్నది.”

హాల్లో గోలలేచింది. ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. “ఇన్ని దినాలు చెప్పలేదేందే మామా?”

“బోగాణి రాకుంటె నేనెట్ల చెప్తరా? మాట ఉన్నది గద.” దానయ్య మిగిలిన సామాన్లు ఒక్కొక్కటే అందుకున్నాడు. “మా ఊరి మేకల చెవులన్ని నా చేతికి ఎరుకనే. ఇది చాకలి లచ్చువమ్మ కాడి మేక. ఇది మన కొట్లాటల వేరుబడ్డ మీ చిన్నాయన కాడిది. ఇది… ఓరి, ఇది మీ అమ్మ తోటి నీళ్ళ కాడ ఏడేండ్లు మాట్లాడని అవ్వ కాడిది. చిట్టెమ్మా, ఎంత పని చేసినవే.” నవ్వు ఆగక గొంగడితో కళ్ళు తుడుచుకున్నాడు. “మనం ఎవలెవల తోటి మాటలు బందు పెట్టినమో, మేకలన్ని వాళ్ళ కాడనే ఉన్నయిరా. ఇప్పుడు మేక గావాల్నంటె పోయి మాట్లాడాలె.”

శశిభూషణ్ తన రిపోర్టు ఫైల్లోంచి తీసి నిలువునా చింపాడు. “అమలా, నేను పొద్దున ఇచ్చిన మాట ఇది. కాగితం నిజం.” తర్వాత రాహేలు వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. “ఆరే ఉన్నాయి. ఏడోది?”

“వస్తది సార్.”

గేటు దగ్గర మేక అరిచింది.

అందరూ తలలు తిప్పారు. గేటు బయట పోచమ్మ. చేతిలో తాడు, తాడుకు నల్లమేక, దాని వెనక రెండు పిల్లలు. రాహేలు రమ్మంటే వచ్చింది గానీ గేటు లోపలికి అడుగు పెట్టలేదు. మేకలు మాత్రం అప్పుడే కుండీలో తులసి సగం మేశాయి.

“నేను లోపలికి రాను,” అంది పోచమ్మ గట్టిగా. “చెంబు ఎవరి దగ్గరున్నదో వాళ్ళే బయటికి రావాలె.”

అందరూ గేటు వైపే చూస్తున్నారు. రాహేలు చూపు మాత్రం వంటింటి గుమ్మం మీదే ఉంది. మొగుడు సంచులు మోసుకుని బయల్దేరగానే, చెప్పులు వేసుకునే ధ్యాస కూడా లేకుండా వెనకాలే పరుగెత్తగలిగిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది.

అండాలు లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. చేతిలో రాగి చెంబు పట్టుకుని వచ్చింది. మొగుడి ముందునుంచే నడిచింది.

“నువ్వు… ఎక్కడికి?” అన్నాడు ఉప్పలయ్య.

ఆమె ఆగలేదు. గేటు తీసి చెంబు అందించింది. పోచమ్మ అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. అటు రెండు. ఇటు ఒకటి. చెంబు తిరిగి ఇచ్చి, దాంతోపాటు తాడు కూడా ఇచ్చింది.

“నీదా అక్కా ఈ మేక?”

“నాదేనే.” అండాలు తాడు చేతికి చుట్టుకుంది. “నీ కాడ నాకొక మేక ఉన్నదని, చెంబు జాగ్రత్త అని అత్త పోకముందే చెప్పింది. ఎనిమిది దినాల సంది చెంబు పట్టుకొని తిరుగుతున్న. నీ మెస్ దాక వచ్చి రెండుమాట్ల వెనుకకు మళ్ళిన. అమలను దొంగ అంటుంటె గూడ నోరు లేవలేదు నాకు. తప్పు నాది.”

“ఒక పిల్ల నాకు, ఒక పిల్ల నీకు,” అంది పోచమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ. “తెల్లమచ్చది నీకే ఇస్త. అది అల్లరిది.”

లోపల చుట్టాలు నవ్వారు. అమల ఏడుస్తూ నవ్వింది. దానయ్య చాయ్ అడిగాడు. రాహేలు నోట్‌బుక్ మూసేయబోయింది.

“మూయకు బిడ్డా,” అంది అండాలు.

ఆమె మొగుడి వైపు చూసింది. ఉప్పలయ్య జేబులో ఫోను మోగుతోంది. ఆయన తీయడం లేదు.

“అది వాన్ డ్రైవర్ ఫోన్. ఈయన పొద్దుగాలనే మాట్లాడి పెట్టిండు. అమల బర్రెను మూడున్నరకు ఊళ్ళె ఎక్కిచ్చిండ్రు. పట్నంల కోసేటోళ్ళకు ఇస్తున్నరు. చూడి బర్రె అది. మా అత్త దానికి నీళ్ళు పెట్టనిది తను తాగేది కాదు.”

అమల ఉప్పలయ్య వైపు ఒక్క అడుగు వేసింది. “మామా, ఆపుమను. ఫోన్ ఎత్తు.”

ఉప్పలయ్య ఫోను తీసి చూశాడు, స్విచాఫ్ చేశాడు. “కాగితం నిజమైతె ఐతదిలే. బర్రె మాత్రం పోయింది.”

టైము నాలుగూ నలభై ఒకటి.

“వాన్ ఏ తొవ్వల వస్తది?” రాహేలు గొంతు పార్సిల్ ఆఫీసు గొంతైంది.

“వరంగల్ రోడ్డు. ఇంకొక తొవ్వ లేదు,” అన్నాడు దానయ్య. “ఉప్పల్ చేరాల్నంటె ఐదుంబావు అయితది.”

రాహేలు బయటికి పరుగెత్తి ఆగిపోయింది. ఆమె స్కూటీ ముఖేష్ దగ్గర తాకట్టుంది.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. శశిభూషణ్ అప్పటికే స్టీరింగ్ దగ్గర ఉన్నాడు. ఫైలు వెనక సీట్లోకి విసిరేశాడు. “ఎక్కండి రాహేలు గారూ. ఫీజు వాపసు ఇచ్చే ముందు ఆ క్లయింటు మీద ఒక్క కేసైనా గెలవాలని ఉంది నాకు.”

అమల ఎక్కింది. రాహేలు ఎక్కింది. ముందు సీటు తలుపు తీసింది అండాలు.

“మీరెందుకమ్మా?” అన్నాడు శశిభూషణ్.

“ఆ రోడ్డు మీద నూరు వాన్లు వస్తయి. ఏ వాన్ల ఉన్నదో మీకెట్ల తెలుస్తది? నేను పిలిస్తె ఆ బర్రె ఒర్రుతది.” చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కిటికీలోంచి పోచమ్మకు చెప్పింది. “నేనొచ్చేదాక మేకను నువ్వే పట్టుకో చెల్లే.”

“ఎక్కడ కట్టేయాలె?”

“ఇంట్లకు తోలుకపో. హాల్ల కట్టెయ్.”

పోచమ్మ తొమ్మిదేళ్ళ తర్వాత గేటు దాటింది. ముందు మేక, వెనక పిల్లలు, ఆ వెనక తను. తివాచీ మీదికి మేక ఎక్కుతుంటే ఉప్పలయ్య సోఫా మీదికి కాళ్ళు ఎత్తుకున్నాడు.

కారు సందు చివరికి వచ్చి ఆగింది. శశిభూషణ్ పక్కకు తిరిగి అడిగాడు. “ఎటు పోనివ్వమంటారు మేడమ్?”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఎటు పోదామని అండాలును అడిగినవాడు లేడు. ఆమె ఒక్క క్షణం రోడ్డు రెండు వైపులా చూసింది.

“ఉప్పల్ దిక్కు,” అంది. “జర గట్టిగ తొక్కు సారూ.”